వెనక కూడా కళ్ళున్న పెట్టె

“ఆ పెట్టెకి వెనక కూడా కళ్ళుంటే ఏం చేస్తాంరా?” అంది గవరమ్మ.

అప్పటికింకా ఏమీ జరగలేదు. పుట్టి ఒడ్డునే ఉంది, తాడు కూడా విప్పలేదు. గంభీర నది మీద పొద్దుటి మంచు ఇంకా విడలేదు. ఆమె కొడుకు జగ్గన మోకాళ్ళ మీద కూచుని పుట్టి అడుగున తారు పూత ఎక్కడైనా లేచిందేమోనని వేళ్ళతో తడిమి చూసుకుంటున్నాడు.

“పెట్టెకి వెనక కళ్ళేమిటే అమ్మా. నాన్న చేసిన పెట్టే కదా.”

“నాన్న చేసిందే. చివరి రెండు నెలలూ ఆ కోటలో ఏం చేశాడో మనకి చెప్పాడా?”

జగ్గన మళ్ళీ తారు పూత మీదికి వంగాడు. గవరమ్మ కూతురివైపు తిరిగింది. పైడికి పద్దెనిమిదేళ్ళు. ఇసుకలో ఎలా కూచోబెట్టారో అలాగే కూచుంది, చేతులు ఒళ్ళో ఎలా పెట్టారో అలాగే ఉన్నాయి. గవరమ్మ మూట విప్పి, చద్దన్నం ముద్ద చేసి నోటికందించింది. పైడి నమిలింది, మింగింది.

“ఉప్పు సరిపోయిందా తల్లీ?” అని అడిగింది గవరమ్మ.

జవాబు లేదు. ఏడాదిగా రోజూ రెండు పూటలా ఇదే మాట అడుగుతోంది. ఏడాదిగా జవాబు లేదు. జవాబు రాకపోతే సరిపోలేదేమోనని ఇంకో చిటికెడు కలిపేది. ఇవాళ కూడా కలిపింది. జగ్గన తన వాటా తిని, వంగి దోసిళ్ళతో నది నీళ్ళు చాలాసేపు తాగి లేచాడు. తాడు విప్పాడు.

చంద్రఘోష రాజ్యానికి ఆ గతి పట్టింది అంజనభట్టు వచ్చిన తరవాతే. నూరిన కాటుకతో మంత్రం వేసే మనిషి అతను. కాటుక పూసిన దంతపు రేకును ఏ చోటికి ఎదురుగా పట్టినా ఆ చోటు చెట్టూ పుట్టా సహా రేకు మీద నిలిచిపోయేది. రెండు కళ్ళకీ మధ్య ఎంత ఎడముందో అంత ఎడంగా రెండు రేకులు పట్టేవాడు. కుడి కంటికొకటి, ఎడమ కంటికొకటి. ఆ జంటను పెట్టెలో పెట్టి రెండు అద్దపు బిళ్ళల్లోంచి చూస్తే రెండు బొమ్మలూ కలిసి ఒక్కటై, లోపల వీధి వీధిలా, లోయ లోయలా లోతుగా తెరుచుకునేది. యాభై జంటలు చూస్తే యాభై దేశాలు తిరిగినట్టేనని చాటింపు వేయించాడు. చూడ్డానికి కాసు కూడా ఇవ్వక్కర్లేదన్నాడు. జనం విరగబడ్డారు.

చూసినవాళ్ళ చూపు లోపలే ఉండిపోయేది. మనిషి మాత్రం ఇంటికి వచ్చేది. కూచోబెడితే కూచునేది, లేపితే లేచేది, మాట ఉండేది కాదు. రాజుగారు కూడా చూశారు. ఇప్పుడు ఆయన్ని రోజూ ఉదయం సింహాసనం మీద కూచోబెట్టి సాయంత్రం దింపుతున్నారు. రాజ్యం భట్టు చెప్పినట్టు నడుస్తోంది.

గవరమ్మ భర్త వీరన్న ఆ పెట్టె చేసిన వడ్రంగి. పెట్టె పూర్తయిన వారానికి కోట గోడ మీంచి జారిపడి పోయాడని కబురు వచ్చింది. తండ్రి పనిముట్ల సంచి తెచ్చుకోవడానికి పైడి వెళ్ళింది. మీ నాన్న చేతిపని చూసి వెళ్ళమ్మా అని భట్టు ఎంతో మర్యాదగా కూచోబెట్టాడట. సంచీ వచ్చింది, పిల్లా వచ్చింది. పిల్ల కళ్ళలో మాత్రం ఏమీ లేదు.

నిన్న ఇంకో చాటింపు వేశారు. చూపు పోయినవాళ్ళందరినీ రేపు మధ్యాహ్నానికల్లా కోటకు అప్పగించాలి. నది నీళ్ళు కోట మీదికి తోడే చక్రాలు తిప్పడానికి మనుషులు కావాలట. ఆ చక్రాల దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు. అందుకే ఇవాళే బయల్దేరారు.

గవరమ్మకు తెలిసినవి మూడే సంగతులు. మొదటిది, పెట్టె తుడిచే దాసి ఒకతె సంతలో చెప్పింది. చూపు పోయినవాళ్ళు ఆ బొమ్మల్లో దూరాన, నువ్వుగింజంత కనిపిస్తారని. దుమ్ము దులుపుతూ ఒక కన్ను మూసుకుని చూసిందట. ఒంటి కన్నుతో చూసేవాళ్ళను పెట్టె ఏమీ చెయ్యదట.

రెండోది ఆమె ఎడమ కన్ను. ఇరవయ్యేళ్ళ కిందట వీరన్న బాడిస కింద నుంచి చెక్క పేడు ఎగిరి గుచ్చుకుంది. కన్ను పైకి బాగానే ఉంటుంది, చూపు లేదు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

మూడోది ఒక పొరపాటు. కోటకు వెళ్ళకముందు వీరన్న ఇంట్లో ఒక చిన్న పెట్టె చేసి చూసుకున్నాడు. భట్టు ఇచ్చిన, చూపు పట్టే మంత్రం ఇంకా వెయ్యని అమ్మవారి గుడి బొమ్మల జంట అందులో పెట్టమని గవరమ్మకే ఇచ్చాడు. ఆమె కుడిది ఎడమకి, ఎడమది కుడికి పెట్టింది. ఆమెకు తేడా కనిపించలేదు, ఆమెకు ఎలా పెట్టినా బల్లపరుపుగానే కనిపిస్తుంది. వీరన్నా పైడీ మాత్రం చూసి పడీపడీ నవ్వారు. అమ్మవారు గోడ వెనక్కి వెళ్ళిపోయిందట, వెనక ఉండాల్సిన గోడ ముక్కు దగ్గరికి వచ్చేసిందట. దూరం దగ్గరా, దగ్గర దూరమూ అయిపోయాయట.

దూరం పోయినదాన్ని దగ్గరికి తెచ్చే మార్గం గవరమ్మకు తెలిసింది అదొక్కటే. అది పనిచేస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నీలిగవ్వల కోట గంభీర నదికి అడ్డంగా, ఏడు ప్రాకారాలతో నిలిచి ఉంటుంది. గోడల సున్నంలో సముద్రపు నీలిగవ్వలు లక్షోపలక్షలుగా పొదిగారు. ఎండ పడితే అవన్నీ ఒక్కసారి మెరుస్తాయి. బురుజుల మీద పచ్చల కలశాలు, ద్వారాల మీద వెండి మకరాలు, మకరాల నోళ్ళలోంచి ధారగా పడే పన్నీరు. ఆ వైభవం చూసి నోరు తెరవనివాళ్ళు లేరు. గవరమ్మ మాత్రం మెట్లు నిటారుగా ఉన్నాయని చూసింది. దిగేటప్పుడు పిల్ల కాలు జారుతుందేమో అనుకుంది.

పుట్టిని రెల్లు దుబ్బుల్లో దాచారు. పైడికి ఎర్రచీర కట్టి, నుదుట బాసికం కట్టి, తల మీంచి ముసుగు దించారు. కొత్త పెళ్ళికూతురు తల వంచుకుని నడుస్తుంది, ఎవరితోనూ మాట్లాడదు, చెయ్యి పట్టి నడిపిస్తే నడుస్తుంది. ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ ఉపాయం జగ్గనదే. జగ్గన తండ్రి సంచీ భుజాన వేసుకుని, బూర ఒకటి చేతబట్టి, పెళ్ళివారి బూరగాడిలా ముందు నడిచాడు.

ద్వారం దగ్గర కాపలామనిషి ఒక బలమైన ఆడది. పెళ్ళికొడుకేడని అడిగింది. గుర్రం మీద వెనక వస్తున్నాడని, ఈలోగా పిల్లకు పెట్టె చూపించాలని జగ్గన చెప్పాడు.

“పిల్ల ఒక్క మాటా మాట్లాడదేమిటమ్మా, మూగదా?” అంది ఆమె గవరమ్మతో.

“సిగ్గు.”

“మరీ ఇంత సిగ్గా. నాకూ అయింది పెళ్ళి. మూడోనాటికే మా అత్తని నోరెత్తకుండా చేశాను.”

“ఇదీ మాట్లాడుతుంది. ఇంకా కొంచెం కాలం పడుతుంది,” అంది గవరమ్మ. ఆ మాట అంటుంటే ఆమెకు ఏమీ అనిపించలేదు. ఏడాది కిందట అయితే ఏడుపు వచ్చేది.

కాపలామనిషి నవ్వి దారి వదిలింది. జగ్గన్ని మాత్రం బూరలవాళ్ళు లోపలికి రాకూడదని బయటి వసారాలోనే ఆపేసింది. అలా అవుతుందని గవరమ్మ ముందే అనుకుంది. అందుకే కొడుక్కి దారిలోనే చెప్పి ఉంచింది. మిట్టమధ్యాహ్నపు గంట కొట్టాక నూరు లెక్కపెట్టి బూర ఊదమని, పెళ్ళికొడుకు గుర్రం మీంచి పడ్డాడని అరవమని.

పెట్టె ఉన్న మందిరం ఏడో ప్రాకారంలో ఉంది. స్ఫటికపు స్తంభాలు, పట్టు తెరలు, నేల మీద నెమలిపింఛపు తివాచీ. పైకప్పు మధ్యలో గుండ్రని గవాక్షం, అందులోంచి ఎండ స్తంభంలా నిలువునా పడుతోంది. ఆ ఎండ కింద, తాబేటి కాళ్ళ బల్ల మీద, జిట్రేగి చెక్కతో చేసిన పెట్టె.

మూడేళ్ళ పిల్లంత ఎత్తు ఉంది. అంచులకు ఇత్తడి తీగ పొదిగి ఉంది. ముందు వైపు రెండు కంటిగొట్టాలు, లోపల అద్దపు బిళ్ళలు, ముఖం ఆనించే చోట మెత్తగా నల్ల ముఖమలు. పక్కన గుప్పెట్లో ఇమిడే దంతపు పిడి. దాన్ని తిప్పితే లోపల ఇరుసు తిరుగుతుంది, ఇరుసు మీద గొలుసు పట్టీ, పట్టీకి యాభై చట్రాలు, ఒక్కో చట్రంలో రెండేసి రేకులు. పైన మూతకు లోపలివైపు అద్దం. మూత ఏటవాలుగా ఎత్తితే ఎండ అందులో పడి బొమ్మల మీదికి మళ్ళుతుంది. చెక్క అతుకుల్లో గోరు దూరే సందు కూడా లేదు. ఆ పని వీరన్నదేనని గవరమ్మ గుర్తుపట్టింది. చూసి ఊరుకుంది.

తరవాత పక్కకు ఒక్క అడుగు వేసింది. పెట్టెకు వెనక కూడా రెండు కంటిగొట్టాలున్నాయి. అటువైపు కూడా ఒక పీట, అటు చేతికి అందేలా ఇంకో పిడి. ఒకే ఇరుసుకు రెండు కొసలా రెండు పిడులు.

ఆ పీట మీద అంజనభట్టు కూచుని ఉన్నాడు. ముసలివాడు, శుభ్రమైన తెల్లని బట్టలు, రెప్పల చుట్టూ దట్టంగా కాటుక. లేచి నమస్కారం పెట్టాడు. ముందు పెద్దవారు చూడాలి తల్లీ, తరవాత అమ్మాయి చూస్తుంది, అన్నాడు. మీరు ఇటునుంచి చూడండి, మీరెలా ఆనందిస్తున్నారో నేను అటునుంచి చూస్తూ ఉంటాను, అన్నాడు.

గవరమ్మ కూతుర్ని స్తంభం పక్కన నిలబెట్టి, పీట మీద కూచుని, ముఖమలు మీద ముఖం ఆనించింది. పిడి తిప్పడం మొదలైంది. తిప్పుతున్నది భట్టు.

ఒంటి కంటికి బొమ్మలు గోడకు అంటించిన కాగితాల్లా బల్లపరుపుగా కనిపించాయి. ఏనుగులు స్నానం చేస్తున్న రేవు. గాజుల బజారు, తోరణాలుగా వేలాడే రంగుల గాజుల గుత్తులు. మంచు కొండల నడుమ వేలాడే తాళ్ళ వంతెన. ప్రతి బొమ్మలోనూ, దూరాన, ఎవరో ఒకరు. రేవు అవతలి మెట్టు మీద ఒక పూజారి. వంతెన కొసన బిడ్డను ఎత్తుకున్న ఒకామె. పదిహేడో బొమ్మలో మామిడి చెట్ల బాట, బాట చివర తెల్లగొడుగు కింద చిన్న చుక్క. అది రాజుగారు. అందరూ ఇటే చూస్తున్నారు. ఎవరూ చెయ్యి కూడా ఊపడం లేదు.

ముప్ఫై ఒకటో బొమ్మ సాలెవీధి. వీధి పొడవునా కర్రల మీద పడుగు సాచి ఉంది, నూలు పోగులు వరసలు వరసలుగా లోపలికి, లోపలికి పోతున్నాయి. అవి సన్నగా కలిసిపోయే చోట, ఒక అరుగు మీద, పసుపు ఓణీ వేసుకుని పైడి కూచుని ఉంది. నువ్వుగింజంత.

గవరమ్మ అంకె గుర్తు పెట్టుకుంది. పిడి తిరిగింది, బొమ్మ వెళ్ళిపోయింది.

యాభయ్యోది అయ్యాక ఆమె లేవలేదు. కింది పెదవి కొంచెం జారవిడిచింది. వేళ్ళు కొంచెం ముడుచుకోనిచ్చింది. రెప్ప ఆలస్యంగా వాల్చింది. ఎలా ఉండాలో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఏడాదిగా రోజూ ఎదురుగా కూచుని చూస్తున్నదే.

భట్టు ఇటు వచ్చి ఆమె కళ్ళ ముందు వేళ్ళు ఆడించాడు. తరవాత ఆమె కుడి చెయ్యి తెరిచి, అరచేతిలో కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించాడు. అది కాలి కాలి ఆరిపోయేదాకా అతను ఆమె ముఖాన్నే చూశాడు. చర్మం వాసన వచ్చింది. గవరమ్మ ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూస్తూ కూచుంది. నిజంగానే అది ఎవరిదో అనిపించింది. కష్టపడి ఓర్చుకున్నదేమీ లేదు.

దీన్ని చక్రాల దగ్గరికి పంపాలి అనుకున్నాడు భట్టు. పెళ్ళికూతురి వైపు తిరిగి, రామ్మా అని చెయ్యి చాచి, ముసుగు అంచు పట్టుకున్నాడు. ముసుగు ఎత్తితే ఆ కళ్ళు చూస్తాడు. చూస్తే అంతా అయిపోయినట్టే.

మధ్యాహ్నపు గంట ఎప్పుడు కొట్టారో గవరమ్మ వినలేదు. బూర మాత్రం వినిపించింది. వెంటనే కేకలు, పెళ్ళికొడుకు పడిపోయాడు, రక్తం, రక్తం అని. ద్వారం దగ్గరి ఆడది కూడా కలిసి అరుస్తోంది. పెళ్ళి గుంపంతా కోటకు రావాలని, అందరి చూపులూ కావాలని భట్టుకు ఆశ. చావు జరిగితే గుంపు వెనక్కి పోతుంది. ముసుగు వదిలి మెట్లవైపు గబగబా వెళ్ళాడు.

గవరమ్మ లేచింది.

వీరన్న పుట్టిన ఊళ్ళో వడ్రంగులకు ఒక కట్టుబాటు ఉంది. ఏ వస్తువు చేసినా చీలలన్నీ జిగురు పెట్టి దిగ్గొడతారు, ఒక్కటి మాత్రం జిగురు లేకుండా వదుల్తారు. దాన్ని ఎండు చీల అంటారు. రేపు ఆ వస్తువును బాగుచెయ్యడానికి కొడుకు వస్తే పగలగొట్టకుండా విప్పుకోవాలని. వీరన్నది ఎడమచేతి వాటం. అతని ఎండు చీల ఎప్పుడూ ఎడమ పక్క, అడుగు నుంచి నాలుగు వేళ్ళ ఎత్తున ఉంటుంది. ఇంటి తలుపుకీ అక్కడే, పైడి ఊగిన ఉయ్యాలకీ అక్కడే.

తడిమింది. ఉంది. కాలిన చేత్తోనే లాగింది. చీల వచ్చింది, పలక కదిలింది. భట్టు తిప్పే పిడి ఆ పలక ఆసరాతోనే ఇరుసుకు పట్టి ఉందని ఆమెకు తెలియదు. చూసుకోలేదు కూడా. చెయ్యి లోపలికి పోనిచ్చి, ఇటు పిడి తిప్పుతూ చట్రాలు లెక్కపెట్టింది. పన్నెండు, పదమూడు. ఇరవై. ముప్ఫై ఒకటి. రెండు రేకులూ పైకి లాగి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి దించింది. అదే పొరపాటు, ఈసారి కావాలని చేసింది. పలకను మళ్ళీ దాని చోటికి నెట్టింది. పైడిని నడిపించి తెచ్చి పీట మీద కూచోబెట్టి, ముసుగూ బాసికమూ పైకి తోసి, ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని కంటిగొట్టాలకు ఆనించింది.

“చూడు తల్లీ,” అంది.

అడుగుల చప్పుడయింది. భట్టు తిరిగి వచ్చాడు. ముసుగు లేని ముఖం, తెరుచుకున్న మూత, లేచి నిలబడ్డ గవరమ్మ. అన్నీ ఒక్క చూపులో చూశాడు. అరవలేదు. వెనక పీట మీద కూచుని అటు పిడి పట్టుకుని గట్టిగా తిప్పాడు, సాలెవీధిని తప్పించడానికి.

పిడి తిరిగింది. బొమ్మ కదల్లేదు. ఇంకోసారి తిప్పాడు. పిడి అతని చేతిలో ఊరికే గిర్రున తిరిగింది, ఇరుసు అలాగే ఉంది. అప్పుడు అతనికి గవరమ్మ పిడికిట్లోని చీల కనిపించింది.

“నువ్వు వీరన్న భార్యవా,” అన్నాడు.

అతను లేచి మూత దించాడు. ఎండ లేకపోతే పెట్టెలో ఏమీ కనిపించదు. మూత బరువైనది, ఇత్తడి కట్టుది. అది పూర్తిగా పడకముందే ఆమె కాలిన చేతి వేళ్ళు అంచు కింద పెట్టింది. మూత వేళ్ళ మీద పడింది. భట్టు మీదికి వాలి అదిమాడు. వేళ్ళు ఎంత లావో అంత సందు మిగిలింది. ఆ సందులోంచి సన్నని ఎండ చీలిక పెట్టెలోకి దిగుతూనే ఉంది. పైడి చూస్తూనే ఉంది. ఆమె రెప్ప ఒకసారి వాలి లేచింది. ఆలస్యంగా వాలిందో తొందరగా వాలిందో గవరమ్మకు తెలియలేదు.

ద్వారం దగ్గరి గలాభాలో లోపలికి దూరిన జగ్గన మెట్లెక్కి వచ్చాడు. తండ్రి సంచీ అడుగున ఏడాదిగా ఉండిపోయిన రంపపుపొట్టు గుప్పెడు తీసి భట్టు కళ్ళలో కొట్టాడు. భట్టు ముఖం పట్టుకుని కూలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతూ ఉంటే కాటుక చెంపల మీదికి దిగింది. కళ్ళకు కాటుక లేనంతసేపూ అతనికి మంత్రం నోటికి రాదు. చప్పట్లు మాత్రం కొట్టగలిగాడు.

మూడు చప్పట్లకు కింద చక్రాలు ఆగాయి.

ముగ్గురూ మెట్ల మీదికి వచ్చేసరికి చూపు పోయినవాళ్ళు ఎదురు వస్తున్నారు. నూరు మంది, రెండు వందల మంది, తడి బట్టలతో, తొందర లేకుండా. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. దారి నిండా నిలబడిపోయారు, అంతే. జగ్గన భుజంతో తోసుకుంటూ ముందు వెళ్ళాడు. గవరమ్మ పైడి చెయ్యి వదలకుండా వెనక నడిచింది. వంతెన బొమ్మలో కనిపించిన ఆవిడ ఎదురైంది. చేతిలో బిడ్డ లేదు. చేతులు మాత్రం ఎత్తుకున్నట్టే ఉన్నాయి. గవరమ్మ ఆమె పైట సరిచేసి ముందుకు నడిచింది.

కింది ప్రాకారాల తలుపులు మూస్తున్న చప్పుడు వినిపించింది. మిగిలిన దారి ఒక్కటే. చక్రాలు తోడిన నీళ్ళలో ఎక్కువైనవి నదిలోకి తిరిగి పోయే చెక్క కాలువ, ఏడు అంతస్తుల ఎత్తు నుంచి ఏటవాలుగా. జగ్గన పైడిని ఒళ్ళో కూచోబెట్టుకుని జారాడు. తల పగులుతుంది, మునిగిపోతారు, కాలువ మధ్యలో విరుగుతుంది, అని గవరమ్మ మూడూ అనుకుంది. అనుకుని జారింది.

ఏదీ విరగలేదు. రెల్లు దుబ్బుల పక్కన నీళ్ళలో పడ్డారు. పుట్టి ఎక్కగానే మీద బురుజులో నగారా మోగింది. కోట దిగువన నదికి అడ్డంగా వేసిన ఇనుప గొలుసు నీళ్ళలోంచి పైకి లేస్తోంది. ముగ్గురూ పుట్టిలో వెల్లకిలా పడుకున్నారు. పుట్టి బొంగరంలా తిరుగుతూ గొలుసు కిందికి దూరింది. నాచు పట్టిన లంకెలు జగ్గన ముక్కుకు జానెడు ఎత్తులోంచి పోయాయి. వెనక నాలుగు పొడవాటి పడవలు బయల్దేరాయి, ఒక్కోదానిలో పదహారు తెడ్లు. ముందు ఏడుమునకల సుడి హోరు సన్నగా వినబడుతోంది. సుడికి ఎడమ పక్క సన్నని పాయ ఒకటి ఉందని, ఆ పాయ పట్టుకుంటే కీకారణ్యంలోకి దారి అని జగ్గనకు తెలుసు. ఆ పాయ నోరు ఎక్కడో మాత్రం సరిగా తెలియదు. తెడ్డు వేస్తూనే ఉన్నాడు.

“వచ్చిందా అమ్మా?” అని అడిగాడు వెనక్కి తిరగకుండా.

“తెలీదురా.”

పైడి ఎలా కూచోబెట్టారో అలాగే కూచుంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఎర్రచీర తడిసి ముద్దయింది, బాసికం ఒక పక్కకు వేలాడుతోంది. గవరమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. తనకున్న ఒక్క కంటితో ఏం తేడా కనిపెట్టగలదు. రేకులు తారుమారు చెయ్యడం తప్పేమో. ఉన్నచోటు నుంచి ఇంకా దూరం నెట్టేశానేమో. వేళ్ళు సరిపోయేంత వెలుగు ఇవ్వలేదేమో. ఇవన్నీ ఆమె మనసులో వరసగా వచ్చి పోయాయి. ఏదీ నొప్పి పెట్టలేదు. నలిగిన వేళ్ళు కూడా నొప్పి పెట్టడం లేదు, అవి వాచి నల్లబడ్డాయి.

పొద్దుట తిన్నదే, పిల్ల ఆకలితో ఉంటుంది, అనుకుంది. పుట్టిలో వదిలి వెళ్ళిన మూట సగం తడిసింది. పొడిగా ఉన్న పక్క నుంచి ఎడమ చేత్తో ముద్ద చేసింది. ఎడమ చేత్తో అన్నం పెట్టకూడదు, కానీ కుడి చెయ్యి ముడుచుకోవడం లేదు. నోటికి అందించింది. పైడి నమిలింది, మింగింది.

“ఉప్పు సరిపోయిందా తల్లీ?”

అలవాటుగా అడిగింది. జవాబు కోసం అడగలేదు. తడి మూట విప్పి ఉప్పు పొట్లం కోసం వెతికింది. వెనక పడవల్లో తెడ్ల చప్పుడు దగ్గరవుతోంది. సుడి హోరు పెద్దదైంది. పొట్లం దొరికింది. ఉప్పు తడిసి గడ్డ కట్టింది, గోటితో గీకి ఒక చిటికెడు తీసింది. ఇంకో ముద్ద చేసి, దానిలో కలిపి, పట్టుకుంది.

పైడి నోరు తెరవలేదు. ముద్ద పెదవుల దగ్గర అలాగే ఉంది. గవరమ్మ చెయ్యి అలాగే ఉంది. పుట్టి ఒక చుట్టు తిరిగింది, కోట కనిపించింది, తిరిగి మాయమైంది. జగ్గన తెడ్డు నీళ్ళలో పెట్టి లాగడం మర్చిపోయి ఇటు చూస్తున్నాడు.

చాలాసేపటికి పైడి తల పక్కకు తిప్పుకుంది.

“ఏడాది నుంచీ ఎక్కువే వేస్తున్నావమ్మా,” అంది.